ఒంగోలులో బాఖ్ నోట్స్‌ని చుక్క పోకుండా తీసే జెరాక్స్ షాపు

ఇది జెరాక్స్ షాపు రివ్యూ. ఒంగోలులో సందుకో జెరాక్స్ షాపు ఉంది, దానికి మళ్లీ రివ్యూ ఎందుకంటారా, ఒక్కసారి వెస్టర్న్ మ్యూజిక్ నోటేషన్ పట్టుకుని ఆ షాపుల్లోకి వెళ్లి చూడండి, మీకే తెలుస్తుంది. నేను ఇంట్లో పిల్లలకి కీబోర్డు నేర్పిస్తాను, ఇప్పుడు 11 మంది వస్తున్నారు. వాళ్లకి ఈ ఎండాకాలం సెలవుల్లో జర్మన్ స్వరకర్త యోహాన్ సెబాస్టియన్ బాఖ్ రాసిన టూ పార్ట్ ఇన్వెన్షన్లు (రెండు చేతులకి రెండు వరసలుగా రాసిన చిన్న ముక్కలు) 15, ఆయన భార్య నోటుబుక్కులోంచి కొన్ని చిన్న ముక్కలు, సి మేజర్ ప్రిల్యూడు అనే ఇంకో చిన్న ముక్క, అన్నీ కలిపి ఒక పుస్తకం చేయించి తలా ఒకటి ఇవ్వాలనుకున్నా. రెండు షాపుల్లో డబ్బులు వదిలించుకున్నాక అద్దంకి బస్టాండు దగ్గర సందులో నీలం షట్టరు షాపులో పని అయింది. షాపు పేరు ఇక్కడ రాయడం లేదు. ఓనరన్నే వద్దన్నారు, ఒకేసారి పదిమంది ఇలాంటి పుస్తకాలు తెస్తే నా వల్ల కాదు మేడం, నిదానంగా ఒకరొకరే రమ్మనండి అన్నారు.

ముందు తిరిగిన రెండు షాపుల సంగతి చెప్తేనే ఈ షాపు విలువ తెలుస్తుంది. నేను తీసుకెళ్లింది పాత జర్మన్ ఎడిషన్ స్కాన్. 1850లో లైప్‌జిగ్‌లో కొంతమంది సంఘంగా ఏర్పడి, బాఖ్ రాసినవన్నీ వెతికి సరిచూసి అచ్చువేయాలని మొదలుపెడితే అది ముగిసేసరికి దాదాపు 50 ఏళ్లు పట్టి 46 సంపుటాలయింది, అందులోది. ఆ పేజీలు ఏ4 కంటే పెద్దవి. మొదటి షాపులో కుర్రాడు సైజు చూడకుండా ఉన్నదున్నట్టు కొట్టేశాడు, అడుగున అర అంగుళం తెగిపోయింది. కథల పుస్తకమైతే అంచులో ఖాళీయే పోతుంది, నష్టం లేదు. నోటేషన్ పేజీ అడుగున ఉండేది ఎడమ చేతి వరస. బాఖ్ దగ్గర ఎడమ చేతికి కుడి చేతితో సమానంగా పాట ఉంటుంది, కుడి చెయ్యి ఒక మాట అంటే ఎడమ చెయ్యి అదే మాట అందుకుని నడుస్తుంది. మొదటి ఇన్వెన్షన్నే మన స్వరాల్లో చెప్పుకుంటే, కుడి చెయ్యి స రి గ మ రి గ స ప అని ఎత్తుకుంటుంది, అది అయిందో లేదో ఎడమ చెయ్యి కింది స్థాయిలో అదే స రి గ మ రి గ స ప. జడకోలాటం చూసినవాళ్లకి ఇది వెంటనే తెలుస్తుంది, లోపలి వరస బయటి వరస ఎవరి అడుగు వాళ్లు వేస్తుంటే పైన తాళ్లు జడ అల్లుకుంటాయి కదా, అదే ఇక్కడ రెండు చేతుల్లో జరుగుతుంది. అందులో ఒక వరసని కట్టర్ కింద పెట్టి కోసేస్తే ఇంక జడేముంది?

రెండో షాపులో సైజు సరిగ్గానే వచ్చింది, చూసి సంతోషపడి డబ్బులిచ్చి వచ్చేశా. నాలుగు రోజుల తర్వాత తొమ్మిదో తరగతి పాప ఇన్వెన్షన్ వాయిస్తూ మధ్యమధ్య కొన్ని స్వరాలు టక్కుటక్కుమని తెంచేస్తోంది. ఎందుకమ్మా అక్కడ తెంచుతున్నావంటే "చుక్క ఉంది కదా మిస్" అంది. చూస్తే నిజంగానే స్వరం నెత్తిన చుక్క ఉంది! పేజీ తిప్పితే అక్కడా ఉంది, ఆ తర్వాతి పేజీలోనూ సరిగ్గా కుడి అంచు నుంచి మూడు వేళ్ల దూరంలో అదే చుక్క. మెషిన్ గ్లాసు మీద మురికి. నోటేషన్‌లో స్వరం పక్కన చుక్క పెడితే దాని నిడివి సగం పెరుగుతుంది, పైన పెడితే కత్తిరించినట్టు పొట్టిగా వాయించాలి, అంటే గ్లాసు తుడవని పాపానికి బాఖ్ రాయని సంగీతాన్ని నా స్టూడెంటు నాలుగు రోజులు ప్రాక్టీసు చేసింది. పాపని ఏమీ అనలేదు, కాగితం మీద ఏముందో అదే చదివింది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు, మిగతా పదిమంది ఏం వాయిస్తున్నారో అని.

నీలం షట్టరు షాపుకి నన్ను పంపింది మా పక్కింటి టీచరుగారు. వెళ్లగానే అన్న పెన్‌డ్రైవు పెట్టి ఫైలు తెరిచి, ప్రింటు కొట్టకుండా కళ్లజోడు పైకెత్తి స్క్రీను దగ్గరగా చూశారు. "ఈ అయిదు గీతలు సన్నగా ఉండాయి మేడం, టోనరు అయిపోవచ్చింది, కొత్తది వేసి తీస్తే గాని తెగకుండా రావు. రేపొస్తారా, ఇప్పుడే కావాలా?" 14 ఏళ్లలో ఏ షాపులోనూ ఎవరూ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. మర్నాడు వెళ్లేసరికి కొత్త టోనరు వేసి, గ్లాసు మెత్తటి గుడ్డతో తుడిచి, ఖాళీ తెల్ల కాగితం ఒకటి కాపీ తీసి ఎక్కడైనా చుక్క పడుతుందేమోనని వెలుగుకి పట్టి చూపించారు. ఒక మూల చిన్న మచ్చ కనబడింది. మళ్లీ తుడిచారు, మళ్లీ తీశారు, ఈసారి తెల్లగా వచ్చింది. అప్పుడు మొదలుపెట్టారు.

మెషిన్ తిరుగుతుంటే ఈ గీతల పుస్తకం ఎవరిది, ఎంత పాతదని అడిగారు. 300 ఏళ్ల నాటిదన్నా, ఈయన పుట్టింది 1685లో, జర్మనీలో ఐసెనాఖ్ అనే ఊళ్లో అని చెప్తూ, జెరాక్స్ షాపులో చెప్పడానికి ఇంతకంటే తగిన కథ లేదనిపించి ఒక వెన్నెల కథ చెప్పా. బాఖ్‌కి పదేళ్లు నిండేలోపే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు, ఓర్‌డ్రూఫ్‌లో ఆర్గాన్ వాయించే పెద్దన్న దగ్గర పెరిగాడు. ఆ అన్న దగ్గర పెద్ద పెద్ద విద్వాంసుల ముక్కలు రాసిపెట్టుకున్న పుస్తకం ఒకటి ఉండేది, పిల్లవాడు ఎంత అడిగినా ఇవ్వకుండా జాలీ తలుపుల బీరువాలో పెట్టేవాడు. అట్టలేని పుస్తకం కాబట్టి పిల్లవాడు రాత్రిళ్లు అందరూ పడుకున్నాక చిన్న చేతులు జాలీలోంచి దూర్చి, పుస్తకాన్ని చుట్టచుట్టి బయటికి లాగి, దీపం కూడా లేకపోవడంతో వెన్నెల ఉన్న రాత్రుల్లోనే కూర్చుని ఆరు నెలల్లో మొత్తం ఎత్తి రాసుకున్నాడు. అన్నకి తెలిసి ఆ కాపీ లాగేసుకున్నాడు. బాఖ్ పోయాక 1754లో అచ్చయిన సంస్మరణ వ్యాసంలో ఆయన కొడుకు, ఒక శిష్యుడు కలిసి రాసిన సంగతి ఇది. వింటున్న ఓనరన్న మెషిన్ ఆపేసి "రాసుకున్నది కూడా లాక్కున్నాడా? సొంత తమ్ముడే కదా, మనసెట్లా వచ్చింది మేడం!" అన్నారు. ఆయన ముఖంలో నిజంగా బాధ కనబడింది. రోజూ వందల కాపీలు తీసే మనిషికి ఆ ఒక్క కాపీ ఎంత కష్టమో వెంటనే తెలిసిపోయినట్టుంది.

ఆ పట్టుదల బాఖ్‌కి జీవితమంతా ఉంది. 20 ఏళ్ల వయసులో, ఆర్న్‌స్టట్‌లో ఉద్యోగం చేస్తూ బుక్స్‌టెహూడ అనే విద్వాంసుడు వాయించే ఆర్గాన్ వినాలని ల్యూబెక్‌కి నడిచి వెళ్లాడు, దాదాపు 400 కిలోమీటర్లు, మనకి ఒంగోలు నుంచి హైదరాబాదు కంటే ఎక్కువ. నాలుగు వారాలు సెలవడిగి నాలుగు నెలలు ఉండిపోయాడు. వైమార్‌లో ఉండగా ఇటలీ నుంచి వచ్చిన వివాల్డి కచేరీ ముక్కలు తెచ్చుకుని, వయొలిన్లకి రాసినవాటిని ఒక్కొక్కటే కీబోర్డుకి, ఆర్గాన్‌కి దించుకున్నాడు. నేర్చుకోవడమంటే ఆయనకి రాసుకోవడమే. మా పిల్లలకి కూడా వారానికి నాలుగు బార్లు, అంటే నిలువు గీతల మధ్య వచ్చే తాళం ముక్కలు, చేత్తో రాయమని ఇస్తాను, ఫొటో తీసుకుంటాం మిస్ అంటారు, నేను ఒప్పుకోను.

ఇంక పని గురించి చెప్పాలి. స్పైరల్ బైండింగ్ ఎవరైనా వేస్తారు, కానీ కీబోర్డు వాయించేవాళ్ల ఇబ్బంది వేరు, బాఖ్ ముక్కల్లో రెండు చేతులూ ఎప్పుడూ పనిలోనే ఉంటాయి, పేజీ తిప్పడానికి చెయ్యి ఖాళీ ఉండదు. ఈ మాట నేను ఊరికే అన్నాను. అన్న ఆలోచించి, ప్రతి ఇన్వెన్షను రెండేసి పేజీలే కదా, రెండూ ఎదురెదురుగా వచ్చేట్టు ముందు ఒక తెల్ల పేజీ వదిలితే సరిపోతుంది, మొత్తం ముక్క ఒకే చూపులో కనబడుతుందన్నారు. అంతే, నాలుగు చోట్ల ఖాళీ పేజీ చేర్చి అన్నీ జతలు కుదిర్చారు. పుస్తకం స్టాండు మీద పెడితే బల్లపరుపుగా పరుచుకుంటుంది, మొదలు నుంచి చివర వరకు ఎవరూ తిప్పక్కర్లేదు. ఇలా ఎదురెదురు పేజీలు కుదిర్చిన పుస్తకాలు బయట కొన్నవాటిలో కూడా అన్నీ ఉండవు. సైజు కూడా ఏ4కి తగ్గిస్తే గీతలు దగ్గరైపోతాయని అంచుల్లో ఖాళీ మాత్రమే కోసి, లోపలి నోటేషన్ని వీలైనంత పెద్దగా ఉంచారు. ఎడమ పక్క స్పైరల్ చిల్లులకి చోటు వదలడం మాత్రం మర్చిపోలేదు, మొదటి బారు చిల్లుల్లో కలిసిపోయిన పుస్తకాలు మా ఇంట్లో బోలెడున్నాయి.

కాగితం విషయంలో నేను 75 జీఎస్ఎం (చదరపు మీటరుకి ఎన్ని గ్రాములో చెప్పే కాగితం లెక్క) చాలనుకున్నా. అన్న ఒక షీటు రెండు పక్కలా తీసి లైటుకి పట్టి చూపించారు, వెనకవైపు స్వరాలు ముందుకి లీలగా కనబడుతున్నాయి. అలా కనబడితే చిన్నపిల్లల కళ్లు తడబడతాయి కాబట్టి 100 జీఎస్ఎంకి మారాను. అప్పుడే బాఖ్ కాగితాల సంగతి కూడా చెప్పా. ఆయన కాలంలో ఇనుము కలిసిన సిరా వాడేవాళ్లు, ఆ సిరా ఏళ్లు గడిచేకొద్దీ కాగితాన్నే తినేస్తుంది, నల్లగా నిండుగా రాసిన స్వరాల దగ్గర గోధుమరంగు తిరిగి చివరికి చిల్లులు పడతాయి. బెర్లిన్ లైబ్రరీలో ఉన్న ఆయన చేతిరాత పుటలకి అదే జరిగితే, ఒక్కో కాగితాన్ని నిలువునా రెండు పొరలుగా చీల్చి మధ్యలో పల్చటి బలమైన కాగితం పెట్టి మళ్లీ అతికించి కాపాడారు. కాగితాన్ని రెండు పొరలుగా చీల్చడమనే మాట దగ్గర అన్న ఆగిపోయారు, ఒక 100 జీఎస్ఎం షీటు చేతిలోకి తీసుకుని అంచుని వేలితో రుద్దుతూ చాలాసేపు చూశారు. బాఖ్ గీతలు ఎలా కొట్టుకునేవాడని అడిగితే, అయిదు పాళీలు ఒకే వరసలో ఉన్న కలం ఉండేదన్నా, ఒక్కసారి లాగితే అయిదు గీతలూ పడేవని చెప్పా. కాగితం ఖరీదని, పేజీలో చోటు చాలనప్పుడు చివరి బార్లని స్వరాల బదులు అక్షరాల్లో కుదించి అడుగున ఇరికించేవాడు కూడా. ఆ పొదుపు మాట ఓనరన్నకి బాగా నచ్చింది.

బైండింగంతా వదినది. ఆవిడ ఎదురుగా కూర్చుని ప్రతి పుస్తకం పేజీలు తడి స్పాంజి మీద వేలద్దుకుంటూ లెక్కపెట్టాకే చిల్లులు కొడతారు. ఏడో పుస్తకంలో ఒక షీటు తలకిందులుగా ఉంది, నోటేషన్ చదవడం రాకపోయినా ఆవిడే పట్టేశారు, ఎట్లా తెలిసింది వదినా అంటే "అన్నిట్లో ఈ మెలిక గుర్తు పైనుంది, ఇందులో కిందుంది" అన్నారు. ఆవిడ చూపించింది ట్రెబుల్ క్లెఫ్, అయిదు గీతల మొదట్లో వేసే గుర్తు. నాకు వెంటనే అన్నా మాగ్డలీనా గుర్తొచ్చింది, బాఖ్ రెండో భార్య, మంచి గాయని. 1723లో లైప్‌జిగ్‌లో సెయింట్ థామస్ చర్చి ఉద్యోగంలో చేరాక మొదటి కొన్నేళ్లు బాఖ్ దాదాపు ప్రతి ఆదివారానికీ కొత్త కాంటాటా (చర్చిలో గొంతులకి, వాద్యాలకి కలిపి రాసే పాటల కూర్పు) రాసేవాడు, ఒక్కో గొంతుకి, ఒక్కో వాద్యానికి విడివిడిగా కాపీ కావాలి, ఇంట్లో భార్య, కొడుకులు, శిష్యులు అందరూ కూర్చుని ఎత్తి రాస్తేనే ఆదివారం ఆరాధనకి అందేది. ఈరోజు ప్రపంచంలో చెల్లో (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) వాయించేవాళ్లందరూ మొక్కే ఆరు చెల్లో సూట్లకి, అంటే నాట్యపు ముక్కల వరసలకి, బాఖ్ సొంత చేతిరాత ప్రతి ఎక్కడా మిగల్లేదు, ఆవిడ రాసిన కాపీ మిగిలింది కాబట్టి అవి మనకి ఇంత నమ్మకంగా అందాయి. ఆ కాపీలు రాసిన ఆవిడ మాత్రం భర్త పోయిన పదేళ్లకి, 1760లో, దానధర్మాల మీద బతుకుతూ పోయింది. ఈ ముక్క చెప్పేటప్పుడు నాకెప్పుడూ గొంతు పట్టేస్తుంది. వదిన ఏమీ అనలేదు, చేతిలో ఉన్న స్పైరల్ పూర్తిగా తిప్పి, చివర కొక్కెం వంచి, పుస్తకం నా చేతికిచ్చారు.

మన దగ్గర మాత్రం వేరుగా ఉందా! త్యాగరాజ స్వామి ఇంటిపేరు కాకర్ల, ఆయన పూర్వీకులు మన కంభం వైపు కాకర్ల నుంచే వెళ్లారని చెప్పుకుంటాం, ఆయన కృతులు కూడా శిష్యులు విని రాసిపెట్టుకున్న ప్రతుల్లోనే బతికాయి. వాలాజాపేట శిష్యుల రాతప్రతులు లేకపోతే ఎన్ని పోయేవో. ఈ పోలిక అన్నతో అంటే "అయితే మా పని మంచిదే మేడం" అన్నారు. అవును, మంచిదే.

రేట్లు కూడా చెప్పాలి కదా. 100 జీఎస్ఎం మీద పేజీకి 2 రూపాయలు పడింది, ఖాళీ పేజీలతో కలిపి పుస్తకానికి 48 పేజీలు, స్పైరల్ 40, అంటే ఒక్కోటి 136, 11 పుస్తకాలకి 1,496. మొదటి షాపులో ఇంతకంటే తక్కువే అయింది, కానీ అది చెత్తబుట్టలోకి పోయింది. టోనరు మార్చినందుకు వేరే ఏమీ తీసుకోలేదు.

ఒక పొరపాటు నా వైపు నుంచి జరిగింది, దాన్ని వాళ్లు సర్దిన తీరు చెప్పకపోతే అన్యాయం. విషయసూచికలో జి మేజర్ మినుయెట్ ఎదురుగా బాఖ్ పేరు టైపు చేసిచ్చాను, అలవాటు కొద్దీ. కీబోర్డు నేర్చుకునే ప్రతి పిల్లా పిల్లవాడూ మొదట వాయించే ముక్క అది, 1725 నాటి అన్నా మాగ్డలీనా నోటుబుక్కులో ఉంది, ఆవిడ రచయిత పేరు వేయకుండా రాసుకుంది కాబట్టి అందరూ బాఖ్‌దే అనుకున్నారు, డ్రెస్డెన్‌లో ఆర్గాన్ వాయించిన క్రిస్టియన్ పెట్జోల్డ్ రాసిందని 1970ల్లో గాని తేలలేదు. నాకు తెలిసీ తప్పు పేరు వేశానని పుస్తకాలు ఇంటికొచ్చాక చూసుకున్నా. పిల్లలకి తప్పు పేరు ఇవ్వలేను. మర్నాడు మళ్లీ మోసుకెళ్తే 11 పుస్తకాల స్పైరల్ విప్పి, ఆ ఒక్క కాగితం మార్చి, మళ్లీ ఎక్కించారు, కాగితం ఖర్చు 22 రూపాయలే తీసుకున్నారు. స్పైరల్ విప్పితే చివర్లు వంగిపోతాయి, మళ్లీ సూటిగా రావు అని వదినే చెప్పి, రెండింటికి కొత్తవి వేశారు.

బాగాలేనివి కూడా ఉన్నాయి. కలర్ ప్రింటు వాళ్ల దగ్గర బాగా రాదు, అట్టకి వేయించిన బాఖ్ బొమ్మ ముఖం ఎర్రగా వచ్చింది, చివరికి నలుపు తెలుపే వాడాం. హాల్ టికెట్ల రోజుల్లో, జూన్ అడ్మిషన్లప్పుడు వెళ్తే కౌంటరు దగ్గర నిలబడ్డానికి కూడా చోటుండదు, ఇలాంటి పని అప్పుడు అడగడమే తప్పు. కరెంటు పోతే ఇన్వర్టరు మీద పెద్ద మెషిన్ నడవదు, నాకు ఒక సాయంత్రం రెండు గంటలు అలా పోయింది. సహాయానికి ఉండే అబ్బాయి మంచివాడే గాని తొందరెక్కువ, ఈ పని ఓనరన్ననే చేయమని అడగండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు మూత.

ఇంకొక విషయం, కొత్తగా అచ్చయిన పరీక్ష పుస్తకాలు, ఇప్పటి ఎడిటర్లు వేళ్ల నంబర్లు వేసిన ఎడిషన్లు మొత్తానికి మొత్తం తీసివ్వమంటే అన్న తీయరు, అది కొనుక్కోవాల్సిందే అంటారు. నాకు అది నచ్చింది. బాఖ్ పోయి 275 ఏళ్లు దాటింది, పాత జర్మన్ ఎడిషన్‌కి హక్కుల గొడవ లేదు, దాన్ని ఎన్ని కాపీలైనా తీసుకోవచ్చు. వేళ్ల నంబర్లు నేనే పెన్సిల్‌తో రాసిస్తున్నా, 100 జీఎస్ఎం కాగితం కాబట్టి పదిసార్లు చెరిపినా నూగు లేవడం లేదు.

చివరి రోజు డబ్బులిచ్చేటప్పుడు ఈ బాఖ్ ఎట్లా పోయాడు మేడం అని అన్న అడిగారు. కళ్లు, అన్నా. చివరి ఏళ్లలో చూపు మందగించింది, 1750లో ఊరూరా తిరిగే ఇంగ్లీషు కంటి డాక్టరు రెండుసార్లు ఆపరేషన్ చేశాడు, చూపు పూర్తిగా పోయింది, అదే ఏడాది జూలై 28న ప్రాణమూ పోయింది. ఆయన తయారుచేస్తున్న ఆర్ట్ ఆఫ్ ఫ్యూగ్ పుస్తకం (ఫ్యూగ్ అంటే ఒక వరస ఎత్తుకున్న పాటని మిగతా వరసలు ఒక్కొక్కటే అందుకుంటూ పోయే రచన) మరుసటి ఏడాది, 1751లో అచ్చయితే అయిదేళ్లలో సుమారు 30 కాపీలే అమ్ముడుపోయాయని, దానికోసం చెక్కించిన రాగి పలకలని కొడుకు అమ్మకానికి పెట్టాడని చెప్పా. తర్వాత చాలా ఏళ్లు ఆయన పెద్ద రచనలు రాతప్రతులుగానే చేతులు మారాయి. మెండల్‌సన్ అనే కుర్రవాడికి అమ్మమ్మ బాఖ్ రాసిన మాథ్యూ పాషన్ (ఏసు చివరి రోజుల కథని పాడే పెద్ద రచన) కాపీ ఒకటి రాయించి కానుకగా ఇచ్చింది, అతను 20 ఏళ్ల వయసులో, 1829లో, దాన్ని బెర్లిన్‌లో మళ్లీ పాడించాడు, ఊరంతా కదిలొచ్చింది. అన్న కళ్లజోడు తీసి తుడుచుకుని "30 కాపీలేనా" అన్నారు, అంతే.

పిల్లలకి పుస్తకాలు ఇచ్చి నెలయింది. తొమ్మిదో తరగతి పాప మొదటి ఇన్వెన్షన్లో లేని చుక్కలు మానేసింది, ఎడమ చెయ్యి స రి గ మ అందుకునేటప్పుడు తలూపుతోంది కూడా. నాకైతే అయిదుకి అయిదు ఇవ్వాలని ఉంది, కలర్ ప్రింటు గుర్తొచ్చి నాలుగున్నర ఇస్తున్నా. తర్వాతి పని 24 ప్రిల్యూడ్లు, ఫ్యూగ్‌ల పుస్తకం, 1722 నాటిది, 1801 దాకా అచ్చు కూడా కాకుండా చేతిరాతలోనే తిరిగింది. వందకి పైగా పేజీలు, ఫ్యూగ్‌ల్లో కొన్ని నాలుగేసి పేజీలున్నాయి కాబట్టి రెండు పేజీల ఉపాయం పనిచేయదు, ఏ3 షీటు మడత పెట్టి పక్కకి తెరుచుకునేట్టు వేద్దామని అన్న అంటున్నారు, దసరా సెలవుల్లో ఒక ఫ్యూగ్‌కి శాంపిల్ చేసి చూపిస్తానన్నారు. మీరు వెళ్తే పొద్దున 11 లోపు వెళ్లండి, గీతల పుస్తకం అని చెప్పండి, టోనరు ఎంతుందో ఆయనే చూసుకుంటారు.